చుక్క నీటిలో మోటార్లు: మీ ప్రశ్నలు, మా జవాబులు

కిందటి సంచికలో సూక్ష్మ మోటార్ల మీద ఒక వ్యాసం వేశాం. తల వెంట్రుక మందంలో నలభయ్యో వంతు ఉండే లోహపు పుల్లలు, సగానికి ప్లాటినం పూత పూసిన పూసలు హైడ్రోజన్ పెరాక్సైడ్ కలిపిన నీటిలో తమంతట తామే ఈదుతాయని, వాటికి బ్యాటరీ గానీ తీగ గానీ అక్కర్లేదని అందులో చెప్పాం. విజయవాడ, గుంటూరు చుట్టుపక్కల నుంచి చాలా ఉత్తరాలు వచ్చాయి. ఒకేలాంటి ప్రశ్నలను కలిపి జవాబులు ఇస్తున్నాం. ప్రయోగశాలలో పూసలు కదలడం లేదని రాసిన లెక్చరర్ గారి ఉత్తరానికి ఎక్కువ చోటిచ్చాం. ఆయనకొచ్చిన ఇబ్బంది ఈ పనిలోకి దిగిన ప్రతివారికీ వచ్చేదే.

ప్రశ్న: పడవ మోటారును బాగా చిన్నది చేస్తే సూక్ష్మ మోటారు అయిపోవాలి కదా? తెడ్డో, చేపతోకో పెట్టి నడపొచ్చుగా? ఈ రసాయనాల గొడవ ఎందుకు?
– ఇంజనీరింగ్ విద్యార్థి, పటమట, విజయవాడ

జవాబు: పున్నమి ఘాట్ నుంచి భవానీ ద్వీపానికి వెళ్లే పడవను గమనించండి. రేవు ఇంకా దూరం ఉండగానే సరంగు ఇంజను ఆపేస్తాడు. మిగతా దూరం పడవ ఊపు మీదే వచ్చి రేవుకు ఆనుకుంటుంది. ఆ ఊపే జడత్వం. సూక్ష్మ మోటారుకు అది లేదు.

ఎంత లేదో లెక్కలో చూద్దాం. వస్తువు పొడవును వేగంతోనూ ద్రవం సాంద్రతతోనూ గుణించి, ద్రవం జిగటతో భాగిస్తే వచ్చేది రేనాల్డ్స్ సంఖ్య. జడత్వానిది పైచేయా, జిగటది పైచేయా అన్నది అది చెబుతుంది. పది మీటర్ల పడవ సెకనుకు మూడు మీటర్ల చొప్పున పోతుంటే ఆ సంఖ్య సుమారు మూడు కోట్లు. రెండు మైక్రాన్ల (మైక్రాన్ అంటే మిల్లీమీటరులో వెయ్యో వంతు) పూస సెకనుకు పది మైక్రాన్లు ఈదుతుంటే లక్షలో రెండు వంతులు. నీరు అదే, కృష్ణ నీరే అనుకోండి. పూసకు మాత్రం అది అరిసెల పాకం కన్నా చిక్కన. ఎడ్వర్డ్ పర్సెల్ అనే భౌతిక శాస్త్రవేత్త 1977లో అచ్చయిన ఉపన్యాసంలో ఒక లెక్క కట్టి చూపించాడు. సెకనుకు 30 మైక్రాన్ల చొప్పున ఈదుతున్న బాక్టీరియా ఒక్కసారిగా ఈదడం మానేస్తే, ఊపు మీద అది పోయే దూరం హైడ్రోజన్ పరమాణువు వ్యాసంలో పదో వంతు. అంటే ఆగిన చోటే ఆగిపోయినట్టు.

ఇక తెడ్డు సంగతి. ఆల్చిప్పకు ఉన్నది ఒకే కీలు. మెల్లగా తెరుచుకుని టపీమని మూసుకుంటే మన లోకంలో ముందుకు పోతుంది, ఎందుకంటే వేగంగా మూసినప్పుడు చిమ్మిన నీటికి ఊపు ఉంటుంది. మైక్రాన్ల లోకంలో వేగం తేడా లెక్కలోకి రాదు. తెరిచినప్పుడు ఎంత వెనక్కి పోయిందో మూసినప్పుడు అంతే ముందుకు వస్తుంది. నిమిషం పట్టినా, క్షణం పట్టినా ఫలితం సున్నా. వెళ్లిన దారినే తిరిగొచ్చే కదలిక ఏదైనా అక్కడ పనికిరాదు. దీన్నే ఆల్చిప్ప సూత్రం అంటారు. ఒక కీలున్న తెడ్డు, గట్టి తోక రెండూ ఈ ఉచ్చులోనే పడతాయి. తప్పించుకునే దారులు కొన్నే ఉన్నాయి. మరమేకులా ఒకే దిక్కుకు తిరుగుతూ ఉండటం ఒకటి. ఈ.కోలై బాక్టీరియా తన మెలికల తోకలను సెకనుకు వంద సార్ల ప్రాంతంలో తిప్పేది ఇందుకే. ఒంగే తోకను అలలా ఆడించడం రెండోది. అసలు ఏ అవయవాన్నీ ఆడించకుండా, ఒంటికి ఒక పక్క మాత్రమే రసాయన చర్య జరిపి చుట్టూ ఉన్న ద్రవాన్నే జరిగేలా చేయడం మూడోది. మీరు గొడవ అన్న రసాయనాలు ఈ మూడో దారివి. కదిలే భాగం ఒక్కటీ లేదు కాబట్టి తయారీకి ఇదే అన్నిటికన్నా సులువు.

ప్రశ్న: ఈ ఆల్చిప్ప సూత్రాన్ని పదో తరగతి పిల్లలకు కళ్లకు కట్టినట్టు చూపించే మార్గం ఉందా? మా బడిలో మైక్రోస్కోపు కూడా సరిగా పనిచేయదు.
– సైన్సు ఉపాధ్యాయిని, బ్రాడీపేట, గుంటూరు

జవాబు: ఉందమ్మా, మైక్రోస్కోపు అక్కర్లేదు. వస్తువును చిన్నది చేసే బదులు ద్రవాన్ని చిక్కన చేద్దాం. మందుల షాపులో దొరికే గ్లిజరిన్ 200 మి.లీ. తెచ్చుకోండి. 500 మి.లీ. గాజు బీకరు ఒకటి, దాని మధ్యలో నిలబడే గుండ్రటి గాజు సీసా ఒకటి కావాలి. సీసా గోడలు నిటారుగా ఉండాలి, వ్యాసం ఆరున్నర, ఏడు సెంటీమీటర్లు ఉంటే చుట్టూ అర సెంటీమీటరుకు పైగా సందు మిగులుతుంది. సీసాలో ఇసుక నింపి మూత బిగించండి, తేలిపోకుండా. బీకరు మూతికి సరిపోయేలా అట్టముక్క కోసి, మధ్యలో సీసా పట్టేంత రంధ్రం చేసి మూతలా పెడితే తిప్పేటప్పుడు సీసా అటూ ఇటూ ఊగదు.

గ్లిజరిన్‌ను బీకరు గోడ వెంబడి మెల్లగా పోయండి. బుడగలు పైకి తేలడానికి అరగంట వదిలేయండి. ఈలోగా ఒక చెంచా గ్లిజరిన్‌లో మిఠాయి రంగు పొడి కలపండి. నీళ్లలో కలిపిన రంగు వాడొద్దు, అది తేలిక కాబట్టి చుక్క పైకి పారిపోతుంది. పొడవు సూది ఉన్న సిరంజితో సందు మధ్యలో, సగం లోతున రెండు మూడు చుక్కలు వదలండి. సీసా మీద, బీకరు మీద ఎదురెదురుగా టేపుతో గుర్తులు పెట్టండి. ఇప్పుడు సీసాను ఒక చుట్టుకు పది సెకన్ల చొప్పున మూడు చుట్లు తిప్పండి. రంగు చుక్క సాగి, పలచబడి, పూర్తిగా కలిసిపోయినట్టు కనబడుతుంది. పిల్లలను అడగండి, దీన్ని మళ్లీ విడదీయగలమా అని. తర్వాత అంతే మెల్లగా వెనక్కి మూడు చుట్లు, గుర్తు గుర్తుకు కలిసేదాకా తిప్పండి. చుక్క మళ్లీ చుక్కై వచ్చి కూర్చుంటుంది, అంచులు మాత్రం కాస్త మసకగా ఉంటాయి. ముందుకు చేసిన పనినంతా వెనక్కి చేసిన పని తుడిచేసింది. ఆల్చిప్ప ఈదలేకపోయేది సరిగ్గా ఇందుకే.

చుక్క తిరిగి రాకపోతే ముందు ఎండను అనుమానించండి. గ్లిజరిన్ జిగట 20 డిగ్రీల దగ్గర నీటికి 1,400 రెట్లు ఉంటే, 40 డిగ్రీల దగ్గర గ్లిజరిన్ జిగట అందులో అయిదో వంతే మిగులుతుంది. మన మే నెల మధ్యాహ్నం ఈ ప్రయోగం చెడిపోవడానికి అదే చాలు. ఉదయం పూట చేయండి, లేదా బీకరును ఐసు నీళ్ల గిన్నెలో కూర్చోబెట్టండి. రెండో అనుమానం తేమ. గ్లిజరిన్ గాలిలోని తేమను పీల్చుకుంటుంది, పది శాతం నీరు చేరితే జిగట ఆరో వంతుకు పడిపోతుంది. కాబట్టి కొత్త సీసా వాడండి, మిగిలినదాని మూత గట్టిగా బిగించండి. మధ్యలో ఆగి పాఠం మొదలుపెట్టొద్దు. ఆగినకొద్దీ రంగు దానంతటది వ్యాపిస్తుంది, ఆ వ్యాపనాన్ని వెనక్కి తిప్పలేం.

ప్రశ్న: హారతి కర్పూరం ముక్క నీళ్లలో వేస్తే గిరగిరా తిరుగుతుంది. అది కూడా సూక్ష్మ మోటారేనా అండీ?
– ఎనిమిదో తరగతి విద్యార్థిని, తెనాలి

జవాబు: దగ్గరి చుట్టమేనమ్మా. కర్పూరం నీటి మీద పలచగా పరుచుకుని, ఆ వైపు నీటి ఉపరితల తన్యతను తగ్గిస్తుంది. మంచినీటికి అది మీటరుకు 72 మిల్లీన్యూటన్లు. ముక్క ఎప్పుడూ సరి గుండ్రంగా ఉండదు కాబట్టి ఒక వైపు ఎక్కువ కరుగుతుంది, ఇంకోవైపు తక్కువ. తన్యత ఎక్కువ ఉన్న వైపు నీరు దాన్ని లాగేస్తుంది. ఇక్కడా కీలకం అదే: రెండు పక్కలూ ఒకేలా ఉండకపోవడం.

నువ్వు చేసి చూడాలంటే స్టీలు పళ్లేన్ని సబ్బుతో తోమి, సబ్బు వాసన పూర్తిగా పోయేదాకా నాలుగైదు సార్లు కడుగు. బియ్యపు గింజంత కర్పూరం ముక్కను చేత్తో కాకుండా పటకారుతో వెయ్యి. తర్వాత తలకు రాసుకున్న నూనె వేలితో నీటిని ఒక్కసారి తాకి చూడు, కర్పూరం అక్కడికక్కడే ఆగిపోతుంది. లార్డ్ రేలీ అనే బ్రిటిష్ భౌతిక శాస్త్రవేత్త 1890లో ఈ ఆటనే పట్టుకుని, కర్పూరాన్ని ఆపడానికి ఎంత నూనె కావాలో కొలిచాడు. నూనె పొర మందం రెండు నానోమీటర్లలోపే తేలింది (నానోమీటరు అంటే మైక్రాన్‌లో వెయ్యో వంతు). వంటింటి ఆటతో అణువు సైజు దరిదాపులకు చేరుకున్నాడన్నమాట. తేడా ఒకటి గుర్తుంచుకో: కర్పూరం నీటి పైభాగం మీదే పరుగెడుతుంది, మనం చెప్పిన మోటార్లు నీటి లోపల ఈదుతాయి. కర్పూరం నోట్లో పెట్టకూడదు, అది విషం. చిన్న తమ్ముడో చెల్లో ఉంటే ఆట అయ్యాక ఆ నీళ్లు వెంటనే పారబోసెయ్యి.

ప్రశ్న: బంగారం–ప్లాటినం పుల్ల ప్లాటినం వైపుకు పోతుందని రాశారు. ప్లాటినం పూసిన పాలిస్టైరీన్ పూస మాత్రం ప్లాటినాన్ని వెనక పెట్టుకుని పోతుందని రాశారు. ఇంధనం ఒకటే, ఉత్ప్రేరకం ఒకటే. దిక్కు ఎలా మారింది? అచ్చుతప్పా?
– ఎమ్మెస్సీ కెమిస్ట్రీ విద్యార్థి, నాగార్జున నగర్

జవాబు: అచ్చుతప్పు కాదు. రెండిటినీ నడిపేది ఒకే యంత్రాంగం కాదు.

పుల్ల సంగతి ముందు. 2004లో పెన్సిల్వేనియా స్టేట్ విశ్వవిద్యాలయంలో ఆయుష్మాన్ సేన్, థామస్ మాలౌక్ బృందాలు చేసిన ఈ పుల్లలు 2 మైక్రాన్ల పొడవు, 370 నానోమీటర్ల మందం. రెండు మూడు శాతం పెరాక్సైడ్‌లో సెకనుకు తమ పొడవుకు పది రెట్ల దాకా ఈదాయి. ఆక్సిజన్ తోసేస్తే పుల్ల ప్లాటినానికి ఎదురు దిక్కుకు పోవాలి, కానీ అది ప్లాటినం వైపుకే పోయింది. జవాబు విద్యుత్తులో దొరికింది. ప్లాటినం చివర పెరాక్సైడ్ ఎలక్ట్రాన్లు వదిలి ఆక్సిజన్, ప్రోటాన్లు ఇస్తుంది. ఆ ఎలక్ట్రాన్లు పుల్ల లోపలి నుంచి బంగారం చివరకు పోతాయి. అక్కడ ఇంకొంత పెరాక్సైడ్ ఆ ఎలక్ట్రాన్లనూ నీటిలోని ప్రోటాన్లనూ తీసుకుని నీరవుతుంది. అంటే ప్లాటినం దగ్గర ప్రోటాన్లు పోగుపడతాయి, బంగారం దగ్గర తరుగుతాయి. దాంతో నీటిలో ప్లాటినం నుంచి బంగారం వైపుకు విద్యుత్ క్షేత్రం ఏర్పడుతుంది. పుల్ల ఒంటి మీద రుణావేశం ఉంటుంది కాబట్టి దాన్ని అంటిపెట్టుకున్న పలచటి నీటి పొరలో ధనావేశం ఎక్కువ. క్షేత్రం ఆ పొరను బంగారం వైపుకు లాగుతుంది. నీరు వెనక్కి పోతే పుల్ల ముందుకు, అంటే ప్లాటినం వైపుకు పోతుంది.

పూసకు వచ్చేసరికి రెండో సగం ప్లాస్టిక్. ఎలక్ట్రాన్లు ఒక చివర నుంచి ఇంకో చివరకు పోయే దారి లేదు. 2007లో 1.6 మైక్రాన్ల పూసలతో బ్రిటన్‌లో జరిగిన పనిలో దీన్ని గాఢత తేడాతో వివరించారు. ప్లాటినం వైపు ఆక్సిజన్ ఎక్కువ, ప్లాస్టిక్ వైపు తక్కువ. ఆ వాలు వెంట ఉపరితలం మీది ద్రవం జారుతుంది, పూస ప్లాటినానికి ఎదురు దిక్కుకు పోతుంది. అయితే చిటికెడు ఉప్పు వేస్తే ఈ పూసల వేగం కూడా పడిపోతుందని తర్వాత తేలింది. ఆవేశం లేని అణువుల వాలు ఒక్కటే కారణమైతే ఉప్పు పట్టకూడదు. ప్లాటినం టోపీ నడినెత్తిన మందంగా, అంచుల్లో పలచగా ఉంటుంది కాబట్టి టోపీలోనే చిన్న విద్యుత్ వలయం ఏర్పడుతుందన్నది ఇప్పుడు బలంగా ఉన్న వాదన. మా మొగ్గూ అటే. పరీక్షలో రాయాల్సి వస్తే రెండు వివరణలూ రాయండి, ఉప్పు సాక్ష్యాన్ని వదలొద్దు.

ప్రశ్న: రెండు మైక్రాన్ల సిలికా పూసల మీద పది నానోమీటర్ల ప్లాటినం వేయించాం. మందుల షాపు పెరాక్సైడ్‌లో సమానంగా ఆర్‌ఓ నీళ్లు కలిపి 3 శాతం చేశాం. పూసలు ఒకసారి అసలు కదలవు, ఇంకోసారి అన్నీ కలిసి ఎడమ వైపుకు వెళ్లిపోతాయి. ఎక్కడ పొరపాటు జరిగింది?
– ఫిజిక్స్ లెక్చరర్, గుంటూరు

జవాబు: రెండు లక్షణాలకూ కారణాలు వేరు. కదలకపోవడానికి నీళ్లు, కలిసి పోవడానికి పూసల చుక్కను పెట్టిన గాజు గది.

నీళ్లు ముందు చూద్దాం. లీటరుకు 58.5 మిల్లీగ్రాముల ఉప్పు ఉంటే అది ఒక మిల్లీమోలార్. మీ ఆర్‌ఓ నీళ్ల టీడీఎస్, అంటే లీటరులో కరిగి ఉన్న లవణాల మిల్లీగ్రాములు, 50 అనుకుందాం, తాగడానికి శ్రేష్ఠం. ఈ పూసలకు మాత్రం అది దాదాపు ఒక మిల్లీమోలార్ ఉప్పు, వేగం బాగా పడిపోయే స్థాయి. ఉప్పు నీటి వాహకతను పెంచి, పూస చుట్టూ ఏర్పడాల్సిన విద్యుత్ క్షేత్రాన్ని చచ్చుబడేస్తుంది. బోరు నీళ్ల సంగతి చెప్పక్కర్లేదు. వాహకత మీటరు పెట్టి చూడండి: సెంటీమీటరుకు ఒకటి రెండు మైక్రోసీమెన్‌లు దాటని డీఅయనైజ్డ్ (అయాన్లు తీసేసిన) నీళ్లే వాడాలి. బ్యాటరీల్లో పోసే నీళ్లను కూడా కొలవకుండా నమ్మొద్దు.

మందుల షాపు పెరాక్సైడ్ కూడా దోషే. సీసా మీద 20 వాల్యూమ్స్ అని ఉంటుంది. అంటే ఒక మి.లీ. పూర్తిగా విడిపోతే 20 మి.లీ. ఆక్సిజన్ వస్తుంది, గాఢత సుమారు 6 శాతం. మీ లెక్క తప్పు కాదు. కానీ అందులో చెడిపోకుండా ఫాస్ఫేటు లాంటి నిలవ పదార్థాలు కలుపుతారు. అవి అయాన్లూ ఇస్తాయి, ప్లాటినం మీద కూర్చుని దాన్ని మందగింపజేస్తాయి కూడా. ప్రయోగశాల శ్రేణి 30 శాతం పెరాక్సైడ్ ఒక మి.లీ.ని తొమ్మిది మి.లీ. డీఅయనైజ్డ్ నీళ్లలో కలపండి. 30 శాతం చర్మాన్ని కాల్చేస్తుంది, చేతులకు తొడుగులు, కళ్లకు అద్దాలు తప్పనిసరి. పూసలు కలిపిన సీసాకు మూత బిగించకండి. 3 శాతం ద్రావణం ఒక మి.లీ. పది మి.లీ. ఆక్సిజన్ ఇస్తుంది, మూత ఎగిరిపోతుంది.

ఇక పూత. పూసలను ఇథనాల్‌లో కలిపి, శుభ్రమైన గాజు పలక మీద ఒకే పొరగా ఆరబెట్టాలి. పొర మీద పొర పడితే కింది పూసలకు అక్కడక్కడ మచ్చల్లా పూత పడుతుంది, అలాంటివి వంకర తిరుగుతూ పోతాయి. ఎస్‌ఈఎం (ఎలక్ట్రాన్ మైక్రోస్కోపు) నమూనాలకు పూత వేసే స్పట్టరింగ్ యంత్రంలో వేయించి ఉంటే, ప్లాటినం అన్ని దిక్కుల నుంచీ చల్లుకుంటూ వచ్చి నడుము దాటి కిందికీ పాకుతుంది. సగం–సగం తేడా మసకబారినకొద్దీ వేగం తగ్గుతుంది. ఎలక్ట్రాన్ బీమ్ ఆవిరి పూత ఒకే దిక్కు నుంచి పడుతుంది, వీలైతే దానికే వెళ్లండి. పలక నుంచి పూసలను దించడానికి అల్ట్రాసోనిక్ తొట్టిలో కొన్ని పదుల సెకన్లు చాలు. ఎక్కువసేపు ఉంచితే టోపీలు ఊడిపోతాయి. గంధకం ఉన్న ఏ సమ్మేళనమూ దగ్గరికి రానివ్వొద్దు, ప్లాటినానికి అది విషం.

అన్నీ కలిసి ఎడమకు పోతున్నాయంటే ఈదుతున్నది పూసలు కాదు, పారుతున్నది నీరు. గది అంచు మూయలేదు, ఆవిరవుతున్న నీటిని పూడ్చడానికి లోపలి ద్రవం అటు పారుతోంది. లేదా మూలలో ఆక్సిజన్ బుడగ ఒకటి పెరుగుతూ నీటిని తోస్తోంది. స్లైడుకు, కవర్‌స్లిప్‌కు మధ్య రెండు వైపులా అంటుకునే టేపు పెట్టి నూరు మైక్రాన్ల ఎత్తు గది కట్టండి. నాలుగు అంచులనూ వాసెలిన్‌తో మూయండి. పూసలు పలచగా ఉండాలి, కళ్లెదుట పదో పదిహేనో కనిపిస్తే చాలు. గుంపు ఎక్కువైతే బుడగలు ఖాయం. సిలికా పూసలు సెకనుకు రెండు మైక్రాన్లకు పైగా కిందికి దిగుతాయి, ముప్పావు నిమిషంలో అడుగుకు చేరతాయి. కాబట్టి ఫోకస్ అడుగు గాజు మీద పెట్టండి. అక్కడే అవి గాజును ఆనుకుని ఈదుతాయి.

నిజంగా ఈదుతున్నాయో లేదో తేల్చడానికి రెండు పోలిక ప్రయోగాలు తప్పనిసరి: పూత లేని పూసలు అదే పెరాక్సైడ్‌లో, పూత ఉన్న పూసలు వట్టి నీళ్లలో. సెకనుకు 20 చిత్రాల చొప్పున అర నిమిషం వీడియో తీసి, ఇమేజ్‌జే అనే సాఫ్ట్‌వేర్‌లోని ట్రాక్‌మేట్‌తో దారులు గీయండి. రెండు మైక్రాన్ల సాదా పూస అణువుల తాకిడికి ఒక సెకనులో ఒక మైక్రాన్ ప్రాంతంలో జరుగుతుంది. నాలుగు సెకన్లలో నాలుగు కాదు, రెండే. ఈదే పూస సెకనుకు 5 మైక్రాన్లు పోతే రెండు సెకన్లలో పది పోతుంది. కాలంతో నేరుగా పెరగడమే ఈతకు గుర్తు. అయితే అయిదారు సెకన్లకు మించి ఈ లెక్క చూడొద్దు. తాకిడికి పూస ముఖమే తిరిగిపోతుంది, ఎటు చూస్తే అటు పోతుంది. ఆ తర్వాత దాని నడక మళ్లీ తాగినవాడి నడకే, కాకపోతే సాదా పూస వ్యాపనానికి సుమారు 250 రెట్లు.

ఈ పోలికలు లేకుండా ఒక్క వీడియో చూసి ఈదుతోందని రాయడం మాకు ససేమిరా నచ్చదు. విద్యార్థి ప్రాజెక్టులో ముందు అడగాల్సింది దాన్నే.

ప్రశ్న: పెరాక్సైడ్ శక్తిలో ఎంత కదలికగా మారుతుంది?
– పాఠకుడు, మంగళగిరి

జవాబు: లోహపు పుల్లల్లో వంద కోట్లలో ఒక వంతు ప్రాంతంలో. మిగిలిందంతా వేడి, ఆక్సిజన్. ప్లాటినం అరగదు, పెరాక్సైడ్ అయిపోయినప్పుడు మోటారు ఆగిపోతుంది.

ప్రశ్న: నాన్నగారికి గుండె రక్తనాళంలో పూడిక ఉంది, స్టెంటు వేయాలన్నారు. ఈ మోటార్లు రక్తంలోకి వెళ్లి పూడిక తీస్తాయని ఒక వీడియోలో చూశాం. కొన్నాళ్లు ఆగమంటారా?
– పాఠకురాలు, సత్యనారాయణపురం, విజయవాడ

జవాబు: ఆగొద్దండి. మీ డాక్టరు గారు చెప్పిన సమయానికే చేయించండి. ఇలాంటి వైద్యం ఏ ఆస్పత్రిలోనూ లేదు.

కారణాలు చెబుతాం, వీడియో చూసిన మిగతావారికి కూడా పనికొస్తుంది. పెరాక్సైడ్ రక్తంలోకి ఎక్కించే వస్తువు కాదు. రక్తంలో ఉప్పు సుమారు 150 మిల్లీమోలార్. ఒక్క మిల్లీమోలార్‌కే నీరసించే మోటార్లు అక్కడ చేష్టలుడిగిపోతాయి. పెద్ద ధమనుల్లో రక్తం సెకనుకు పదుల సెంటీమీటర్లు పారుతుంది, సన్నటి కేశనాళికల్లో కూడా అర మిల్లీమీటరు, మిల్లీమీటరు. సెకనుకు ఇరవై మైక్రాన్లు ఈదేది ఆ ప్రవాహానికి ఎదురీదలేదు.

పారని చోట్ల మాత్రం పని నిజంగా ముందుకు సాగింది. కడుపులోని ఆమ్లాన్నే ఇంధనంగా వాడుకుని హైడ్రోజన్ బుడగలతో నడిచే జింకు మోటార్లను శాన్ డియాగోలోని జోసెఫ్ వాంగ్ బృందం ఎలుకల కడుపులో నడిపించింది. 2017లో మెగ్నీషియం మోటార్లతో ఎలుకలకు క్లారిత్రోమైసిన్ అనే యాంటీబయాటిక్ అందించారు. మూత్రాశయంలో ఉండే యూరియాను ఇంధనంగా వాడుకునే యూరియేజ్ ఎంజైము మోటార్లతో, వాటికి రేడియోధార్మిక అయోడిన్ జతచేసి, బార్సిలోనా బృందం ఎలుకల్లో కణితిని 90 శాతం తగ్గించినట్టు 2024లో ప్రకటించింది. ఇవన్నీ ఎలుకల్లో చేసినవే.

ప్రశ్న: ఉప్పు ఇంత శత్రువైతే, అయస్కాంతంతో నడిపేవి మేలు కదా? మన దేశంలో ఎవరైనా చేస్తున్నారా?
– డిప్లొమా విద్యార్థి, గుణదల

జవాబు: శరీరంలో వాడాలంటే అవే మేలు. తమంతట తాము నడిచేవి అనలేం, తిప్పేది బయటి అయస్కాంత క్షేత్రం. కానీ ఉప్పున్నా లేకున్నా వాటికి ఒకటే. 2009లో హార్వర్డ్‌లో అంబరీష్ ఘోష్, పీర్ ఫిషర్ ఒకటి రెండు మైక్రాన్ల పొడవు గాజు మరమేకులు చేసి, కోబాల్టు పూత పూసి, తిరిగే క్షేత్రంతో నడిపారు. ఘోష్ గారు తర్వాత బెంగళూరు ఐఐఎస్‌సీకి (ఇండియన్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ సైన్స్) వచ్చారు. అక్కడి బృందం ఇనుము పూసిన సిలికా మరమేకులను పంటిలోని సన్నటి గొట్టాల లోతుల్లోకి నడిపి, క్షేత్రం మార్చి వేడెక్కించి, అక్కడ దాక్కున్న బాక్టీరియాను చంపే పని చేసింది. 2022లో ఆ సంగతి ప్రకటించారు.

మీరు చేతులు పెట్టాలనుకుంటే ఒక చిక్కు ముందే తెలుసుకోండి. క్షేత్రాన్ని ఎంత జోరుగా తిప్పితే మరమేకు అంత జోరుగా పోతుంది, కానీ ఒక హద్దు వరకే. తిరిగే వేగంతో పాటు ద్రవం అడ్డూ పెరుగుతుంది, అయస్కాంతం ఇవ్వగల మెలి మాత్రం పెరగదు. హద్దు దాటగానే మరమేకు క్షేత్రం వెంట తిరగలేక జారిపోతుంది, వేగం ఒక్కసారిగా కుప్పకూలుతుంది. చాలామంది క్షేత్రాన్ని పుట్టించే తీగచుట్ట (కాయిల్) కాలిపోయిందనుకుంటారు. పౌనఃపున్యం తగ్గించి చూడండి, మళ్లీ నడుస్తుంది. చిక్కటి ద్రవంలో ఆ హద్దు ఇంకా ముందే వస్తుంది.

ప్రశ్న: రంగుల నీళ్లను ఈ మోటార్లు శుభ్రం చేస్తాయని చదివాం. మా అద్దకం షెడ్డుకు పనికొస్తాయా?
– చేనేత రంగుల పనివారు, మంగళగిరి

జవాబు: మీరు చదివింది నిజమే. బయట ఇనుము, లోపల ప్లాటినం ఉన్న గొట్టాల మోటార్లు పెరాక్సైడ్‌లో ఈదుతూ, ఇనుము సాయంతో రంగును విరిచేస్తాయి. ఈదుతూ నీటిని కలియబెట్టడం వల్ల చర్య వేగంగా సాగుతుంది. కానీ అవి గాజు గిన్నెల్లో చేసిన ప్రయోగాలు. తొట్టి నిండా రంగు నీటికి ప్లాటినం ఖర్చు మీకు గిట్టదు.

అదే చర్యను మోటార్లు లేకుండా, గరిటెతో కలుపుతూ ఈరోజే చేయొచ్చు. ఇనుము కోసం అన్నభేది, దానికి తోడు పెరాక్సైడ్. ముందు లీటరు సీసాల్లో నమూనాలు పెట్టండి. ఆమ్లం వేసి పీహెచ్ 3కు తెచ్చి, ముందు అన్నభేది కరిగించి, తర్వాత పెరాక్సైడ్‌ను కొద్దికొద్దిగా పోయాలి. అంతా ఒకేసారి పోస్తే వేడెక్కి పొంగుతుంది. బరువులో ఇనుము ఒక పాలుకు పెరాక్సైడ్ 5 నుంచి 25 పాళ్ల మధ్య నాలుగైదు కొలతలు వేసి చూడండి. పెరాక్సైడ్ మరీ ఎక్కువైతే రంగును విరిచే కణాలను అదే మింగేస్తుంది, రంగు అలాగే ఉండిపోతుంది. గంట తర్వాత సున్నం వేసి పీహెచ్ 8కి తెస్తే ఇనుము మడ్డిగా అడుగుకు దిగుతుంది. ఆ మడ్డిని కాలువలో వేయకూడదు, ఆరబెట్టి విడిగా అప్పగించాలి. రియాక్టివ్ రంగులైతే మీ తొట్టిలో లీటరుకు పదుల గ్రాముల ఉప్పు ఉంటుంది. అది ఈ చర్యను మందగింపజేస్తుంది, రంగు పోయాక కూడా నీటిలోనే ఉండిపోతుంది. అందుకని మొదటి తొట్టి నీళ్లను, తర్వాత జాడించిన నీళ్లను ఒకచోట కలపకుండా వేర్వేరుగా పట్టండి. జాడించిన నీళ్లు ఈ పద్ధతికి తేలిగ్గా లొంగుతాయి. మొదటి తొట్టి ఉప్పునీటికి మాత్రం ఎండలో ఆరబెట్టే మడి వేరేగా కావాలి.